ఆధార్, పట్టా పుస్తకం డ్రైవ్‌లో పెట్టే ముందు

స్కాన్ చేసిన కాగితాలను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించే ముందు ఇవి చూసుకోండి.

• ముందుగా షేరింగ్. "లింక్ ఉన్న ఎవరైనా" అని పెడితే, ఆ లింక్ వాట్సాప్‌లో ఎవరికి చేరినా ఫైలు తెరుచుకుంటుంది. ఇంటర్నెట్ సెంటర్‌కు పంపారా, పని కాగానే ఆ అనుమతి తీసేయండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

• డ్రైవ్‌లో ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయ్యే (తాళంచెవి లేనివాళ్లు చదవలేని రూపంలో) ఉంటాయి, కానీ మామూలు ఖాతాల్లో తాళంచెవి గూగుల్ దగ్గరే ఉంటుంది. అందుకే భూమి పత్రాలు, మెడికల్ రిపోర్టులు క్రిప్టోమేటర్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌తో మీ కంప్యూటర్‌లోనే తాళం వేసి ఎక్కించండి. ఇది తప్పనిసరి అంటాను. ఆ తాళానికి పెట్టిన పాస్‌వర్డ్, అది మరిచిపోతే వాడే రికవరీ కీ రెండూ పోతే ఫైళ్లూ పోయినట్టే. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

• ఆధార్‌కు చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ చాలాచోట్ల సరిపోతుంది.

• గూగుల్ ఖాతాకు టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత మరో నిర్ధారణ అడిగేది) ఆన్ చేయండి.

• డిలీట్ చేసినవి ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి. అదీ ఖాళీ చేయండి.