మీ తాత పటేలా? ఆయన కథ పహాణీ దగ్గర మొదలుపెట్టండి

నిజాం కాలంలో ఊరి పటేల్‌గిరీ, అంటే ఊరి పెత్తనపు కొలువు, చేస్తూనే ఎవుసం చేసుకున్న తాతలు మా నల్గొండ, పాలమూరు ఊళ్లలో చాలామంది ఉన్నారు. అలాంటాయన జీవితం రాయాలనుకుంటే ముందు భూమి కాగితాలు పట్టుకోండి. నేను మా ముత్తాత గురించి రాద్దామని చుట్టాల ఇళ్లన్నీ తిరిగాను. అందరిదీ ఒకటే మాట, 'పెద్దమనిషి, ఎవరికీ అన్యాయం చేయలేదు' అని. దాంతో ఒక పేజీ కూడా నిండలేదు.

తహసీల్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన సర్కారు రికార్డు, దాని నకలు కోసం దరఖాస్తు పెట్టండి. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, తరి (నీటి పారకం భూమి) ఎంత, ఖుష్కి (మెట్ట) ఎంత, పట్టా ఎవరిది, కాస్తులో (సాగులో) ఎవరున్నారు, ఇవన్నీ అందులో దొరుకుతాయి. పట్టాదారు గడిలో మీ తాత పేరుండి కాస్తు గడిలో ఇంకొకరి పేరుంటే అక్కడ ఆగండి. మాకు అట్లా ఒక పేరు కనబడితే వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ పోయాను. పంటలో వాళ్ల పాలెంత, వెట్టి ఏమేం చేయించుకున్నారు, కరువొచ్చినప్పుడు గింజలు ఎవరు పెట్టారు, అన్నీ వాళ్ల అవ్వ చెప్పింది. మన తాత గురించి వినడానికి కష్టంగానే ఉంటుంది, అయినా రాయాల్సిందే.

ఇంకా పాతవి, సేత్వార్ (భూమి సర్వే చేసినప్పుడు రాసిన మొదటి రికార్డు) లాంటివి, ఉర్దూలో ఉంటాయి. రిటైరైన ఉర్దూ సారును బతిమాలుకొని ఒక్కో గడి చదివించుకోండి, ఫోన్లో రికార్డు చేయండి. ఏళ్లు ఫసలీలో, అంటే శిస్తు లెక్కలకు వాడిన పాత సంవత్సరాల్లో, ఉంటే 590 కలపండి, ఫసలీ 1357 అంటే 1947-48.

హోదా సరిగ్గా తేల్చుకోండి. మన దగ్గర భూమున్న ప్రతి ఆసామినీ పటేలా అనే పిలుస్తారు కాబట్టి పిలుపును నమ్మొద్దు. శిస్తు వసూలు చేసింది మాలీ పటేల్, ఊరి బందోబస్తు చూసింది పోలీస్ పటేల్, లెక్కలు రాసింది పట్వారీ. 1959 తర్వాత పంచాయతీ సమితి రాజకీయాల్లోకి వచ్చి ఉంటే అది వేరే అధ్యాయం.

వయసు అడిగితే ఎవరూ చెప్పలేరు. 1948 పోలీస్ యాక్షన్ నాటికి పెళ్లయిందా, 1955లో నాగార్జునసాగర్‌కు పునాది వేసినప్పుడు పిల్లలెంతమంది అని అడగండి, టక్కున చెప్తారు.

చివరగా ఇంట్లో పెద్దవాళ్లను ఎడ్లతో నీళ్లు తోడిన పాత మోటబావి దగ్గరికి తీసుకుపోండి. ఇంట్లో రెండు ముక్కల్లో తేల్చేసిన మా చిన్నతాత ఆ బావి గడ్డ మీద నిలబడగానే, బొక్కెన నిండాక ఎడ్లు దిగువకు ఎట్లా లాగేవో, మళ్లీ వెనక్కి ఎట్లా ఎక్కేవో తానే వెనక్కి నడిచి చూపించాడు.