‘ఇల్లు’ పాఠానికి సుద్దముక్క చిట్కా

ఇల్లు లేనివాళ్ల మాట వస్తే మూడో తరగతి పిల్లలు "పాపం" అని ఊరుకుంటారు, లేదా "పని చేయరు టీచర్" అనేస్తారు. ఉపన్యాసం బదులు నేల మీద సుద్దముక్కతో 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గడి గీయండి. ఇదే మీ ఇల్లు అనుకోండని చెప్పి, నలుగురు పిల్లల్ని బ్యాగులు, చెప్పులతో సహా 5 నిమిషాలు అందులోనే కూర్చోబెట్టండి. తర్వాత మూడే ప్రశ్నలు: వానొస్తే పుస్తకాలు ఎక్కడ పెడతావ్? రాత్రి బాత్రూమ్‌కి ఎక్కడికెళ్తావ్? స్కూల్లో చేరేటప్పుడు అడ్రస్ ఏం రాయిస్తావ్? మూడోదానికి పెద్దలకే జవాబు తట్టదు. పిల్లలు బస్టాండ్, గుడి అంటారు, అననివ్వండి. మున్సిపాలిటీ నైట్ షెల్టర్ల సంగతి అక్కడే చెప్పొచ్చు.

క్లాసులో గుడారంలోనో, వలస కూలీల షెడ్డులోనో ఉండే బిడ్డ ఉంటే మాత్రం ఇది వద్దు, అందరి చూపూ అటే పోతుంది. అప్పుడు ఇవే ప్రశ్నలు ఓ కథలో పాత్ర గురించి అడగండి.