ఈఎస్‌పీ32లో ఫ్లాష్ పార్టిషన్లు మార్చే ముందు జాగ్రత్తలు

ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ చిప్) బోర్డు బల్ల మీద ఉన్నంతకాలం పార్టిషన్ టేబుల్‌ని, అంటే ఫ్లాష్ మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే పట్టికని, ఎన్నిసార్లు మార్చినా ఫర్వాలేదు. చిప్ రోమ్‌లో ఉన్న బూట్‌లోడర్ చెరిగేది కాదు, కేబుల్ పెట్టి మళ్లీ ఫ్లాష్ చేసుకోవచ్చు. అదే డివైస్ పొలంలో మోటారు స్టార్టర్ డబ్బాలోకి చేరాక లెక్క మారిపోతుంది. మామూలు ఓటీఏ (కేబుల్ లేకుండా నెట్‌వర్క్ మీదుగా వచ్చే) అప్‌డేట్ యాప్‌నే మారుస్తుంది, టేబుల్‌ని ముట్టుకోదు. సొంత కోడ్‌తో టేబుల్‌ని తిరగరాయిస్తే, పాత సెక్టర్ చెరిగి కొత్తది పడేలోపు కరెంటు పోయిందంటే డివైస్ ఇక లేవదు. అందుకే సైజులన్నీ మొదటి బ్యాచ్ బయటికి వెళ్లకముందే తేల్చుకోవాలి.

ముందుగా ఫ్లాష్ మొత్తాన్ని, కంప్యూటర్ నుంచి చిప్‌ని చదివే, రాసే టూల్ అయిన ఈఎస్‌పీటూల్‌తో ఒక ఫైల్‌లోకి చదివి దాచండి. 460800 బాడ్ రేటుతో 4 ఎంబీకి ఒకటిన్నర నిమిషం పైచిలుకు పడుతుంది. సీరియల్ నంబరు, సెన్సార్ క్యాలిబ్రేషన్ కూడా ఎన్‌వీఎస్‌లోనే (సెట్టింగులు దాచుకునే పార్టిషన్) ఉంటే, దాన్ని చెరపగానే అవీ పోతాయి. వాటికి విడిగా ఒక ఎన్‌వీఎస్ పార్టిషన్ ఇవ్వడం మేలు. ఒక్కోదానికి కనీసం 12 కేబీ ఉండాలి.

ఇప్పుడు 4 ఎంబీ లెక్క. రోమ్‌లోది కాక ఫ్లాష్‌లో ఉండే రెండో బూట్‌లోడర్ 4 కేబీ దగ్గర మొదలవుతుంది, టేబుల్ 32 కేబీ దగ్గర ఉంటుంది. ఈ మధ్యనున్న 28 కేబీలోనే బూట్‌లోడర్ సర్దుకోవాలి. డీబగ్ లాగ్ పెంచినా, సెక్యూర్ బూట్ (సంతకం సరిపోయిన కోడ్‌నే నడిపించడం) పెట్టినా అది పట్టకపోవచ్చు, అప్పుడు టేబుల్‌ని ముందుకు జరపక తప్పదు. టేబుల్‌కి 4 కేబీ పోగా, 36 కేబీ దగ్గర మొదలుపెట్టి ఎన్‌వీఎస్‌కి 16, ఓటీఏ డేటాకి (ఏ స్లాట్ నుంచి బూట్ అవ్వాలో చెప్పే రికార్డు) 8, ఫై డేటాకి (రేడియో సెట్టింగులు) 4 ఇస్తే సరిగ్గా 64 కేబీ దగ్గర తేలుతాం. మిగిలింది 4032 కేబీ. దీన్ని సగం చేసి 2016 చొప్పున రెండు ఓటీఏ స్లాట్లు (పాత, కొత్త యాప్‌లకు చెరొక చోటు) పెడితే బిల్డ్ ఒప్పుకోదు. యాప్ పార్టిషన్ 64 కేబీ హద్దు మీదే మొదలవ్వాలి, రెండో స్లాట్ ఆ హద్దుకి సగంలో పడుతుంది. 1984 చొప్పున రెండు పెట్టండి. చివర మిగిలే 64 కేబీ కోర్ డంప్‌కి సరిపోతుంది. డివైస్ ఎందుకు పడిపోయిందో తర్వాత చెప్పేది అదే, దాన్ని వదులుకోకండి. ఈ అమరికలో ఫ్యాక్టరీ యాప్‌కి (ఓటీఏ ముట్టుకోని మొదటి యాప్) చోటుండదు కాబట్టి రోల్‌బ్యాక్, అంటే కొత్త యాప్ కుదరకపోతే పాతదానికి తిరిగి వెళ్లడం, తప్పనిసరి.

మెనూకాన్ఫిగ్‌లో (బిల్డ్ సెట్టింగుల మెనూ) ఫ్లాష్ సైజు మామూలుగా 2 ఎంబీగా ఉంటుంది, చిప్‌లో ఎంతుందో చూసి మార్చండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఎన్‌వీఎస్‌ని కుదించినప్పుడు. ఖాళీ పేజీ లేదని ఎన్‌వీఎస్ ఇనిట్ (బూట్‌లో దాన్ని తెరిచే పని) ఫెయిలవుతుంది. ఉదాహరణ కోడ్‌ల నుంచి తెచ్చుకున్న నాలుగు లైన్లు ఆ ఎర్రర్ చూడగానే పార్టిషన్‌ని చెరిపేసి మళ్లీ మొదలుపెడతాయి. డేటా పోయిన సంగతి బయటికి కూడా తెలియదు. ఆ లైన్లను ప్రొడక్షన్ కోడ్‌లో ఉంచకండి.

కొత్త టేబుల్ ఎక్కించాక ఓటీఏ డేటా పార్టిషన్‌ని కూడా చెరపండి. లేకుంటే పాత రికార్డు రెండో స్లాట్‌నే చూపిస్తుంటుంది, మీరు మొదటి స్లాట్‌లో పెట్టిన యాప్ నడవదు. చివరిగా ఓటీఏ నడుస్తుండగా ప్లగ్ పీకి చూడండి: డౌన్‌లోడ్ మధ్యలో ఒకసారి, కొత్త యాప్ మొదటిసారి బూట్ అవుతూ తాను సరిగ్గానే ఉన్నానని ఇంకా నమోదు చేసుకోకముందు ఒకసారి. రెండుసార్లూ పాత యాప్‌తోనే తిరిగి లేవాలి.