ఒత్తులు విడిపోయిన పుస్తకం

మా తాతగారి ఉత్తరాల సంపుటిని మొదట వర్డ్ ప్రాసెసర్‌లోనే కూర్చాను. ఒక్క పాదసూచిక చేర్చినా పుటలు జరిగిపోయి, విషయసూచికలో నేను చేతితో వేసుకున్న అంకెలన్నీ తప్పయ్యేవి. (శీర్షికలకు స్టైల్స్ వాడి ఉంటే ఆ సూచిక దానంతటదే తయారయ్యేది, అది నా అజ్ఞానమే.) విసిగిపోయి, కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ 1978లో తొలిసారి విడుదల చేసిన టెక్ (TeX) అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్ నుంచి పుట్టి, యూనికోడ్ పాఠాన్ని నేరుగా చదవగల జీలాటెక్ (XeLaTeX)కు మారాను.

తీరా చూస్తే, తొలి ప్రూఫులో ‘స్త్రీ’ కాస్తా ‘స్‌త్‌రీ’ అయింది. ఫాంటును అనుమానించి రెండు రోజులు వృథా చేశాక, అందులో ఫాంటును ఎంచుకోవడానికి వాడే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీకి లిపి పేరు చెప్పకపోవడమే కారణమని తెలిసింది. ఫాంటును పిలిచే వరుసలో స్క్రిప్ట్ తెలుగు అని పేర్కొనగానే అక్షరాలను ఎలా కలపాలో చెప్పే, ఫాంటులోని ఓపెన్‌టైప్ నియమాలు అమలై ఒత్తులు కుదురుకున్నాయి. అయితే ప్రూఫులు దిద్దే మా పిన్నిగారికి మాత్రం ముసాయిదాను ఇప్పటికీ వర్డ్ ప్రాసెసర్ ఫైలుగానే పంపుతున్నాను.