కింది పళ్ల సెట్టు కదులుతోందా? ఇంప్లాంట్లతో బిగించుకోవడం ఎలా?

పై సెట్టు అంగిలికి అతుక్కుని బాగానే నిలుస్తుంది. కింద ఆ ఆధారం లేదు, పైగా నాలుక కదిలినప్పుడల్లా సెట్టు లేస్తుంది, పళ్లు పోయి ఏళ్లు గడిచేకొద్దీ దవడ ఎముక అరిగి ఉన్న పట్టూ పోతుంది. మీ అమ్మగారో నాన్నగారో నలుగురిలో నోరు విప్పడానికే ఇబ్బంది పడుతుంటే, సెట్టును అతికించే పేస్టులు మార్చి మార్చి చూడకుండా డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.

ముందు సెట్టు లోపలివైపు కొత్త పూత వేసి సరిచేస్తే సరిపోతుందేమో అడగండి. సరిపోదంటే ఇంప్లాంట్లు, అంటే సెట్టును పట్టుకోవడానికి దవడ ఎముకలో దించే చిన్న స్క్రూలు. వాటికి ముందు సీబీసీటీ స్కాన్, అంటే దవడను 3డీలో చూపే ఎక్స్-రే తీస్తారు. కింది దవడలో పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం ఉంటుంది, దాన్ని తగలకుండా స్క్రూ ఎక్కడ దించాలో అందులోనే తెలుస్తుంది. ఎముక బాగా అరిగినవాళ్లకు కూడా గడ్డం ముందు భాగంలో సాధారణంగా కొంత మిగిలే ఉంటుంది.

చాలామందికి రెండు ఇంప్లాంట్లు చాలు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో కూర్చున్న నిపుణులు కూడా, పళ్లన్నీ పోయిన కింది దవడకు ఇదే మొదటి ఎంపిక కావాలన్నారు. సెట్టు వాటి మీద టిచ్ బటన్‌లా టక్కున పడుతుంది, రాత్రి తీసి కడుక్కోవచ్చు. లోపలి నైలాన్ రింగులు అరుగుతాయి, అప్పుడప్పుడు మార్పించాలి. కొన్నిసార్లు పాత సెట్టునే దీనికి తగ్గట్టు మార్చేస్తారు, అడిగి చూడండి, ఖర్చు తగ్గుతుంది.

తీసే పనే వద్దనుకుంటే నాలుగైదు ఇంప్లాంట్ల మీద ఫిక్స్‌డ్ పళ్లు. నమలడానికి హాయి, కానీ ఖర్చు బాగా ఎక్కువ, అడుగున రోజూ శుభ్రం చేయాలి. చేతులు వణికే పెద్దవాళ్లకు అది కష్టం, అందుకే నేనైతే తీసి పెట్టుకునేదే మేలంటాను.

సర్జరీకి ముందు షుగర్ అదుపులో ఉండాలి, సిగరెట్ మానాలి. రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు. ఎముకల బలానికి మాత్రలో ఇంజెక్షన్లో వాడుతుంటే, పాతవైనా సరే, తప్పకుండా చెప్పండి.

చిగురుకు మత్తిచ్చి టైటానియం స్క్రూలు దించుతారు. ఎముక వాటిని పట్టుకోవడానికి సాధారణంగా రెండు మూడు నెలలు, అప్పటిదాకా మెత్తటి అన్నం, ఇడ్లీ, పప్పు. జంతికలు తర్వాత. మత్తు దిగాక కూడా పెదవి మొద్దుబారే ఉంటే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయండి.

వేసిన ఇంప్లాంట్ కంపెనీ, సైజు వివరాలు కాగితం మీద రాయించుకోండి, రేపు ఊరు మారినా అక్కడి డాక్టరుకు సరైన రింగు దొరుకుతుంది.