సొంత చేతులతో కారు రిపేరు – 5వ పాఠం: భాగం చిన్నది, దారి పెద్దది

పోయిన పాఠంలో ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్చుకున్నాం. ఆ పని సాఫీగా అయినవాళ్లకు ఇప్పుడు చేతులు ఊరుకోవు. తర్వాత ఏం విప్పుదామా అని బానెట్ ఎత్తి చూస్తూ ఉంటారు. ఆ ఉత్సాహం అలాగే ఉంచుకోండి గానీ, ఈ పాఠంలో మాత్రం పానా ముట్టుకోవద్దు. ఒక టార్చి, చేతిలో ఇమిడే చిన్న అద్దం, ఒక నోటుబుక్కు ఉంటే చాలు.

ఇవాళ నేర్చుకునేది ఒకటే: ఒక పని మన వల్ల అవుతుందో కాదో విప్పకముందే తేల్చుకోవడం. సగం విప్పిన కారు కదలదు. అప్పుడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలన్నా ఇంకో బండికి కట్టి లాగించాల్సిందే. అందుకే ఈ వరుసలో అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఇదేనని నా నమ్మకం.

కొత్తగా నేర్చుకునేవాళ్లు సాధారణంగా భాగాన్ని చూసి పనిని అంచనా వేస్తారు. బ్యాటరీ మార్చడమంటే ఏముంది, రెండు టెర్మినళ్లు, ఒక క్లాంపు అనుకుంటారు. చాలా కార్లలో అది నిజమే. కానీ 2001 నుంచి 2006 దాకా వచ్చిన క్రైస్లర్ సెబ్రింగ్ సెడాన్‌లో బ్యాటరీ బానెట్ తీస్తే అందదు. ఎడమవైపు ముందు చక్రం దగ్గర, ఫెండర్ లోపల దాక్కుని ఉంటుంది. జాకీ వేసి, చక్రం తీసి, లోపలి ప్లాస్టిక్ కవరు విప్పితే తప్ప చేయి పోదు. బ్యాటరీ అదే, టెర్మినళ్లు అవే. మారింది దాని దాకా వెళ్లే దారి.

స్టార్టర్ మోటార్ సంగతి చూడండి. చాలా ఇంజిన్లలో అది గేర్‌బాక్స్ పక్కన రెండు మూడు బోల్టులతో వేలాడుతుంది. క్యాడిలాక్ నార్త్‌స్టార్ వీ8లో, లెక్సస్ ఎల్ఎస్400లో అది రెండు సిలిండర్ వరుసల మధ్య లోయలో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉంటుంది. అంటే స్టార్టర్ మార్చాలంటే ముందు ఇంజిన్ గాలి పీల్చే భాగమంతా ఊడదీయాలి. ఆడి ఎస్4లో 4.2 లీటర్ల వీ8తో వచ్చిన బీ6 తరం ఇంకా కఠినం. దాని టైమింగ్ చెయిన్లు, అంటే వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా నడిపే గొలుసులు, ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటాయి. చెయిన్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడు అరిగిందంటే ఇంజిన్ బయటికి తీయాల్సిందే. 2007లో మొదలైన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో కూడా చెయిన్ వెనకే ఉంటుంది. ఇక ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్టు మార్చడం రిపేరు కూడా కాదు, మామూలు సర్వీసు. దానికీ ఇంజిన్ బయటికి రావాలి.

మనల్ని ఇంత బాధపెట్టేలా ఎందుకు చేస్తారు? చాలాసార్లు నేనూ ఈ ప్రశ్న వేసుకున్నాను. సమాధానంలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలో దొరుకుతుంది. అక్కడ ఇంజిన్‌ను కారు లోపల అమర్చరు. బయట స్టాండు మీద, చుట్టూ ఖాళీ ఉండగా, గేర్‌బాక్స్, స్టార్టర్, పైపులు, వైర్లు అన్నీ బిగిస్తారు. ఆ తర్వాత మొత్తం కూర్పును చాలా కార్లలో కింద నుంచి ఒకేసారి బాడీలోకి ఎత్తుతారు. స్టార్టర్ బిగించిన మనిషికి నాలుగు వైపులా చేయి ఆడింది. మనకు ఒక్క వైపూ ఆడదు. దీనికి తోడు బానెట్ పొట్టిగా ఉండాలి, క్యాబిన్ విశాలంగా ఉండాలి, గుద్దుకుంటే ముందు భాగం నలిగి దెబ్బను పీల్చుకోవాలి. ఇవన్నీ తీరాక మిగిలిన సందులోనే మన చేయి పట్టాలి.

ఇది అర్థమైతే ఒక ఉపాయం చేతికొస్తుంది. ఏ భాగాన్ని చూసినా "దీన్ని ఫ్యాక్టరీలో ఎన్నోదిగా బిగించి ఉంటారు?" అని అడగండి. చివర్లో బిగించినవి సులువుగా వస్తాయి. మొదట్లో బిగించినవాటి మీద మిగతా కారంతా కూర్చుని ఉంటుంది. కొన్నిచోట్ల మాత్రం తయారీదారులను నేను సమర్థించలేను. హెడ్‌లైట్ బల్బు కాలిపోతుందని అందరికీ తెలుసు. దాని కోసం చక్రం లోపలి కవరు తీయించడం, బంపర్ విప్పించడం అన్యాయం. అరచేయి పట్టేంత ఖాళీ వదిలితే సరిపోయేది.

దారి లెక్క

ఇప్పుడు అసలు పని. దీన్ని నేను దారి లెక్క అంటాను. నోటుబుక్కులో ఒక పేజీ తీసి, పైన భాగం పేరు రాయండి. కింద నాలుగు విషయాలు పూరించాలి.

మొదటిది, అడ్డుగా ఉన్నవి. టార్చి వేసి భాగాన్ని వెతకండి. కనపడ్డాక, దాని మీద చేయి పెట్టడానికి ఏమేమి తొలగాలో బయట నుంచి లోపలికి వరుసగా రాయండి. కంటికి నేరుగా కనపడనిచోట అద్దం వాడండి. సర్వీస్ మాన్యువల్ దొరికితే దీనితో పోల్చుకోవాలి. కానీ ముందు మీ కళ్లతో రాసి, తర్వాతే మాన్యువల్ చూడండి. మీరు చూడలేకపోయినదేమిటో తెలియడమే ఇందులో చదువు.

ఈ అద్దం విలువ నాకు నష్టపోయాకే తెలిసింది. వీ6 ఇంజిన్ అడ్డంగా అమర్చిన కార్లలో మూడు స్పార్క్ ప్లగ్గులు ముందు వైపు హాయిగా కనపడతాయి. మిగతా మూడు వెనక, క్యాబిన్ గోడ వైపు ఉంటాయి. వాటిమీద చాలావాటిలో ఇన్‌టేక్ ప్లీనమ్, అంటే సిలిండర్లకు గాలిని పంచే డబ్బా, కప్పి ఉంటుంది. అలాంటి ఒక కారులో నేను ప్లీనమ్ బోల్టులన్నీ తీశాననుకున్నాను. ఒక చివర లేచింది, రెండో చివర లేవలేదు. గ్యాస్కెట్ (రెండు భాగాల మధ్య లీకు కాకుండా పెట్టే పొర) పట్టేసి ఉంటుందిలే అని రెండు చేతులతో పైకి గుంజాను. టక్కుమని శబ్దం వచ్చింది. వెనక వైపు, గోడకు నాలుగు వేళ్ల దూరంలో, ప్లీనమ్‌ను ఇంజిన్‌కు కట్టే ఒక చిన్న బ్రాకెట్ ఉంది. దాని బోల్టు అలాగే ఉంది. ప్లాస్టిక్ చెవి చిట్లిపోయింది. ప్లగ్గులకని మొదలైన పని ప్లీనమ్ కొనడంతో ముగిసింది. అద్దం పెట్టి ఒక్క నిమిషం చూసి ఉంటే ఆ బోల్టు తల కనపడేది. అప్పటి నుంచి ఏ భాగమైనా తేలిగ్గా రాకపోతే చేతులు వెనక్కి తీసుకుంటాను. రావాల్సిన భాగం రావడం లేదంటే, మనం చూడని బోల్టు ఒకటి ఉందనే ముందు అనుకోవాలి.

రెండోది, ఒకసారి తీస్తే మళ్లీ వాడకూడనివి. గ్యాస్కెట్లు, ఓ రింగులు, ఎండలో వేడిలో పెళుసెక్కిన ప్లాస్టిక్ క్లిప్పులు ఈ కోవలోకి వస్తాయి. కొన్ని బోల్టులు కూడా అంతే. బిగించేటప్పుడు అవి కాస్త సాగి, ఆ సాగుడు బలంతోనే పట్టి ఉంటాయి. మళ్లీ బిగిస్తే తెగొచ్చు. మాన్యువల్‌లో "40 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు" అనే పద్ధతిలో డిగ్రీల లెక్క కనపడితే అది సాగే బోల్టేమోనని అనుమానించి, కొత్తది వేయమన్నారేమో చూడండి. ఇవన్నీ విప్పకముందే కొని పక్కన పెట్టుకోవాలి.

తీసేటప్పుడే విరిగే భాగాలూ ఉన్నాయి. 2004 నుంచి 2008 దాకా వచ్చిన ఫోర్డ్ 5.4 లీటర్ల, సిలిండర్‌కు మూడు వాల్వుల ట్రైటన్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు రెండు ముక్కల కూర్పు. కింది ముక్క చుట్టూ మసి గట్టిపడి పట్టేస్తుంది. పై ముక్క తిరుగుతుంది, కింది ముక్క సిలిండర్ హెడ్‌లోనే ఉండిపోతుంది. దాన్ని పైకి లాగడానికే ప్రత్యేకంగా పనిముట్లు చేసి అమ్ముతున్నారు. ప్లగ్గు మార్చడం పిల్లల పని అనుకునేవాళ్లు ఈ ఇంజిన్‌ను గుర్తుపెట్టుకోవాలి. మీ కారు ఇంజిన్‌కు ఇలాంటి పేరుపడ్డ చిక్కు ఏదైనా ఉందా అని ముందే ఆరా తీసి, ఈ పేజీలోనే రాసుకోండి.

మూడోది, దారిలో తెరుచుకునే ఇతర వ్యవస్థలు. పైపు విప్పితే కూలెంట్ కారుతుందా? ఇంధనం గొట్టం అడ్డొస్తుందా? డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్లలో 100 బార్‌లకు మించిన ఒత్తిడి ఉంటుంది, కొత్త డీజిళ్లలో 1,500 బార్లు దాటుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది. ఇంత ఒత్తిడి ఉన్న ఇంధనం గొట్టం, ఏసీ గ్యాస్ గొట్టం, ఎయిర్‌బ్యాగ్ వైరు, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు – ఈ నాలుగింటిలో ఏది విప్పాల్సి వచ్చినా ఆ పేజీ మీద అడ్డగీత కొట్టేయండి. ఇది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు. వాటికి వేరే శిక్షణ, వేరే పరికరాలు కావాలి.

నాలుగోది, పని అయ్యాక కంప్యూటర్‌కు చెప్పాల్సింది. పోయిన పాఠంలో ముందు ప్యాడ్లే ఎందుకు మార్చామో ఇప్పుడు చెబుతాను. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లలో వెనక కాలిపర్ మీద చిన్న మోటార్ ఉంటుంది. దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా పిస్టన్‌ను వెనక్కి నొక్కితే ఆ యంత్రాంగం పాడవుతుంది. కొన్ని కార్లలో ఆ మోడ్ బటన్లతోనే వస్తుంది, కొన్నిట్లో కారు కంప్యూటర్‌తో మాట్లాడే స్కానర్ ఉండాలి. బ్యాటరీ విషయంలోనూ అంతే. చాలా బీఎండబ్ల్యూల్లో కొత్త బ్యాటరీ పెట్టాక, మార్చినట్టు కారులో నమోదు చేయాలి. చేయకపోతే పాత బ్యాటరీయే ఉందనుకుని అదే తీరులో చార్జ్ చేస్తుంది.

స్టీరింగ్ కింద కనిపించే 16 పిన్నుల ఓబీడీ సాకెట్, అంటే స్కానర్‌ను తగిలించే చోటు, అమెరికాలో 1996 నుంచి తప్పనిసరి. యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001లో, డీజిల్ కార్లకు 2004లో ఆ నియమం వచ్చింది. దాని పుణ్యాన పీ0304 అనే కోడ్ చూసి నాలుగో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండటం లేదని ఎవరైనా చదవగలుగుతున్నారు. అయితే చౌక స్కానర్లు ఎక్కువగా కోడ్ చదవడం, చెరపడం దాకానే. సర్వీస్ మోడ్, నమోదు లాంటివి వేరే తాళాలు. ఈ తాళాల మీద హక్కు ఎవరిదన్న వాదన చిన్నది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లోనూ, 2020లోనూ జనం ఓటు వేసి మరీ రిపేరు సమాచారం అందరికీ ఇవ్వాలన్నారు. కారు కొన్నవాళ్లకు దాన్ని బాగుచేసుకునే దారి తెరిచి ఉండాలని నేనూ గట్టిగా నమ్ముతాను.

పేజీ చూసి నిర్ణయం

నాలుగూ రాశాక ఏం చేయాలి? ఈ దశలో ఉన్నవాళ్లకు నేను పెట్టే హద్దులు ఇవి. ఇంజిన్ గానీ గేర్‌బాక్స్ గానీ తన చోటు నుంచి కదలాల్సి వస్తే ఆ పని మనది కాదు. కారు కిందకు వెళ్లి బరువు మీద బలం పెట్టాల్సి వస్తే, గట్టి స్టాండ్లు లేకుండా మనది కాదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరకూడదని రెండో పాఠంలో చెప్పాను, ఇంకో పదిసార్లైనా చెబుతాను. ఇక సమయం. వర్క్‌షాపులు వాడే పట్టికల్లో ప్రతి పనికీ ఇన్ని గంటలని ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్లు దానికి మూడింతలు వేసుకోండి. అన్ని గంటలు కారు లేకుండా గడవదంటే ఇంకో రోజు చూసుకోండి.

దారి పొడుగ్గా ఉండి కూడా మీరు చేయగలిగిందే అయితే, దారిలో ఉన్న మిగతా పాతవాటినీ ఒకేసారి చూసుకోవాలి. ప్లీనమ్ తీస్తే దాని కింది గ్యాస్కెట్లు, పెళుసెక్కిన రబ్బరు గొట్టాలు మార్చేయాలి. మీరు ఇంకొకరికి అప్పగించే పనికీ ఇదే వర్తిస్తుంది. ఫోర్డ్ 3.5 లీటర్ల డ్యూరాటెక్ వీ6 అడ్డంగా ఉన్న కార్లలో వాటర్ పంప్ ఇంజిన్ లోపలే ఉంటుంది, టైమింగ్ చెయిన్ దాన్ని తిప్పుతుంది. లీకైతే కూలెంట్ ఆయిల్‌లో కలిసే ప్రమాదం ఉంది. అంత లోపలికి వెళ్లినప్పుడు చెయిన్‌ను, దాన్ని వదులు కాకుండా బిగించి ఉంచే టెన్షనర్‌ను కూడా పరీక్షించమని అడగడం మీ హక్కు.

ఈ వారం అభ్యాసం

ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక మూడు పేజీలు రాయండి: హెడ్‌లైట్ బల్బు, బ్యాటరీ, స్పార్క్ ప్లగ్గులు. డీజిల్ కారైతే ప్లగ్గుల బదులు ఫ్యూయల్ ఫిల్టర్ రాయండి. ఏదీ విప్పొద్దు. నమూనాకు నా పేజీ ఒకటి ఇస్తున్నాను.

"కుడి హెడ్‌లైట్ బల్బు. అడ్డు: గాలి ఫిల్టర్ డబ్బా, రెండు క్లిప్పులు, ఒక బోల్టు, లైటు వెనక రబ్బరు మూత. వేళ్లు పడతాయి, అరచేయి పట్టదు. బల్బును పట్టి ఉంచే తీగ కంటికి కనపడదు, అద్దంలో చూశాను, కిందికి నొక్కి పక్కకు జరపాలి. మళ్లీ వాడకూడనివి: లేవు, కానీ క్లిప్పు ఒకటి పగుళ్లు తీసింది, కొత్తది కొనాలి. ఇతర వ్యవస్థలు: లేవు. కంప్యూటర్: చెప్పక్కర్లేదు. జాగ్రత్త: హాలోజన్ బల్బు గాజును ఉత్త వేళ్లతో ముట్టుకోవద్దు, చర్మం జిడ్డు అంటుకున్నచోట వేడెక్కి త్వరగా పోతుంది."

తీగ ఎటు జరపాలో రాసుకున్నాను చూడండి. పనిలోకి దిగాక కన్ను పోనిచోట చేతికి దారి చూపేది ఆ ఒక్క వాక్యమే. మీ పేజీల్లో కూడా కనపడని చోట్ల గురించి ఇలాగే వివరంగా రాయండి. మిగతాది ముక్తసరిగా రాసినా ఫర్వాలేదు.

మూడు పేజీల్లో అడ్డు తక్కువగా ఉన్నదాన్ని 6వ పాఠంలో విప్పుదాం. ప్లాస్టిక్ క్లిప్పులు, వైర్ల కనెక్టర్లు విరగకుండా ఊడదీయడంతో మొదలుపెడతాం. క్లిప్పుల కింద దూర్చి పైకి లేపడానికి వెడల్పాటి ప్లాస్టిక్ ప్రై టూల్ ఒకటి, మీ కారుకు సరిపడే క్లిప్పులు ఓ పది తెచ్చి పెట్టుకోండి.