పాత కారు కుదుపులకు స్ట్రట్లు, స్ప్రింగులు ఎలా ఎంచుకోవాలి

నల్గొండ నుంచి దేవరకొండ పోయేసరికి నడుం పట్టేస్తోందని వెంటనే స్ట్రట్లు (చక్రం దగ్గర స్ప్రింగుతో కలిసి ఉండి ఊపును అణచే షాక్ అబ్జార్బర్లు) కొనేయకండి, ముందు టైర్లలో గాలి ఎక్కువైందేమో చూడండి. బానెట్ మూలను గట్టిగా నొక్కి వదిలితే కారు రెండు మూడు సార్లు ఊగిందా, స్ట్రట్ మీద కారిన నూనెకు దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుందా, అయితే దాని పని అయిపోయినట్టే. ఎడమ, కుడి రెండూ కలిపే మార్చాలి. స్ట్రట్ పైభాగాన్ని కారు బాడీకి పట్టి ఉంచే మౌంటు, అది తిరగడానికుండే బేరింగు, స్ట్రట్ పూర్తిగా కుంగిపోకుండా ఆపే బంప్ స్టాప్ కూడా కొత్తవే వేయించండి, లేకుంటే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా టక్‌టక్‌మని మొదలై, అంతా విప్పించి మళ్లీ కూలీ కట్టాల్సి వస్తుంది (నాకదే అయింది).

స్ప్రింగు విరగకుండా, కుంగకుండా ఉంటే పాతదే చాలు. మార్చాల్సి వస్తే కారుతో వచ్చినంత గట్టిదే తీసుకోండి, 'హెవీ డ్యూటీ' అని అమ్మేది బరువులు మోసే బండికి సరే గానీ ఇద్దరే తిరిగే కారులో ఎముకలు కదిలిపోతాయి. స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు (స్ప్రింగు కంప్రెసర్) లేకుండా ఇంట్లో మాత్రం విప్పొద్దు, ఎగిరి తగిలితే ప్రాణం మీదికొస్తుంది. బిగించాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి.